తెర మీదికి రావడం వేరు, కంట పడటం వేరు

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

నేను ఏ బటన్ నొక్కానో, ఎంతవరకు చదివానో వెబ్‌సైట్‌కి ఎలా తెలుస్తుంది పెద్దమ్మా, అని మీలో ఒకరు అడిగారు. కెమెరాలోంచి చూస్తారేమోనని ఇంకొకరికి అనుమానం. ఈ పనికి కెమెరా అక్కర్లేదర్రా. పేజీతో పాటే మీ ఫోన్‌లోకి దిగే కోడ్ చాలు. దాన్ని రాసే భాష పేరు జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఆ భాష తొలి రూపం తయారుచేశాడు. ఇన్నేళ్లు నేను తిన్న అన్నం దాని చలవే.

ముందు క్లిక్ సంగతి. మీరు నొక్కగానే బ్రౌజర్ ‘క్లిక్ జరిగింది’ అని చాటింపు వేస్తుంది. దాన్ని వినడానికి మనిషిని పెట్టే ఆజ్ఞ పేరు యాడ్‌ఈవెంట్‌లిజనర్. ఆ కబురు నొక్కిన చోటే ఆగిపోదు. బటన్ నుంచి అది ఉన్న పెట్టెకు, అక్కణ్ణుంచి పేజీ మొత్తానికి నీటి బుడగలా పైకి తేలుతుంది. అందుకే దీన్ని బబ్లింగ్ అంటారు. కాబట్టి నూరు బటన్లకు నూరుమంది కాపలా దండగ. పైన ఒకణ్ణి కూర్చోబెడితే అన్నీ వాడి చెవిన పడతాయి.

ఇక్కడే నేనొకసారి బోల్తా పడ్డాను. బటన్ మధ్యలో చిన్న హృదయం బొమ్మ ఉంది. కబురు రాగానే ‘నొక్కింది బటన్‌నేనా?’ అని అడిగేలా కోడ్ రాశాను. వేలు పడింది బొమ్మ మీద కాబట్టి ఏది నొక్కారో చెప్పే ఈవెంట్ టార్గెట్‌లో బొమ్మ పేరే ఉంటుంది. దాంతో ఆ క్లిక్కులన్నీ లెక్కలోంచి జారిపోయాయి. చుట్టూ ఉన్న అంచు మీద పడ్డవే మిగిలాయి. ఈ బటన్ ఎవరికీ నచ్చలేదనుకుని రెండు వారాలు దాని రంగులు మార్చాం! చివరికి టార్గెట్‌తో ఆగకుండా క్లోజెస్ట్ అనే ఆజ్ఞ వాడి, ‘నువ్వు ఏ బటన్ లోపల ఉన్నావు?’ అని అడిగించాక లెక్క కుదిరింది.

ఇక కనిపించడం. ఒకప్పుడు స్క్రోల్ కదిలినప్పుడల్లా ప్రతి పెట్టె ఎక్కడుందో కొలిచేవాళ్లం. కొలతల బరువుకి పేజీ నత్తనడక నడిచేది. 2016లో క్రోమ్‌లోకి ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ అనే పరిశీలకుడు వచ్చాక ఆ చాకిరీ తప్పింది. ‘ఈ పెట్టె సగం తెర మీదికి రాగానే నన్ను పిలువు’ అని చెప్పి మన పని మనం చూసుకోవచ్చు. ఆ సగాన్ని త్రెషోల్డ్ 0.5 అని రాస్తాం.

సగమే కదా అని అన్నిటికీ అదే పెట్టకండి. మీ తెర ఎత్తు 800 పిక్సెళ్లు, వ్యాసం పొడవు 4000 అనుకోండి. ఎంత జరిపినా ఒకేసారి తెర మీద పట్టేది ఐదోవంతే, అంటే 0.2. ఆ 0.5 ఎప్పటికీ రాదు. మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్లు కూడా లెక్కలో చదవనివాళ్లే అవుతారు. అలాంటప్పుడు వ్యాసం చివర ఓ చిన్న ఖాళీ పెట్టె ఉంచి, అది తెర మీదికి వచ్చిందా అని చూడటం మేలు.

అయినా ఈ పరిశీలకుడికి తెలిసేది జాగా లెక్కే. పూర్తి పారదర్శకంగా చేసిన పెట్టెను కూడా మామూలుగా వచ్చినట్టే రాసుకుంటాడు. మీరు ఫోన్ బల్ల మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లినా తెర వెలుగుతున్నంతసేపూ అంతే. ప్రకటనల వ్యాపారంలో బొమ్మ ప్రకటనకు ఒక కొలత ఉంది: కనీసం సగం భాగం, ఆగకుండా ఒక సెకను తెర మీద ఉండాలి. వీడియోకైతే రెండు సెకన్లు. దాన్ని ‘చూశారు’ అనడం నాకు మింగుడుపడదు. చూసే వీలు కలిగిందంతే.

పోగైన లెక్కలు సర్వర్‌కి చేరాలి కదా. మీరు పేజీ మూసేస్తున్నా, సెండ్‌బీకన్ అనే ఆజ్ఞతో ఆఖరి మూటను బ్రౌజర్ చేతిలో పెట్టేయొచ్చు. మిగతా రవాణా అది చూసుకుంటుంది. ఆ మూటలో ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో పంపితే నాకు అభ్యంతరం లేదు. పేరు, మీరు టైప్ చేసి చెరిపేసిన మాటలు కూడా అందులో కడితే మాత్రం ఒప్పుకోను.

కంప్యూటర్ దగ్గరున్నప్పుడు బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ అనే చోటికి వెళ్లండి. పేజీని మెల్లగా కిందికి జరుపుతూ అక్కడ కొత్త వరుసలు ఎప్పుడు పుడుతున్నాయో చూడండి. ఒక్కో వరుస నొక్కితే లోపల ఏం వెళ్లిందో కనిపిస్తుంది. మీకు కనబడ్డవి నాకు రాసి పంపండి.

మీ పెద్దమ్మ