పెద్ద బండి అంటే డీజిలే అని ఎందుకు అలవాటు పడ్డాం?

2020 జూన్ 24న ఢిల్లీ బంకుల్లో లీటరు పెట్రోలు 79 రూపాయల 76 పైసలు, డీజిల్ 79 రూపాయల 88 పైసలు. డీజిల్ ధర పెట్రోలును దాటడం అక్కడ అదే మొదటిసారి. అంతకు ముందు నెలలో ఢిల్లీ ప్రభుత్వం డీజిల్ మీద వ్యాట్‌ను 30 శాతానికి పెంచడంతో వచ్చిన విచిత్రం అది. జూలై ఆఖరులో పన్ను తగ్గించగానే ధర మళ్లీ కిందికి దిగింది. అయినా డీజిల్ అంటే చవక అన్న పాత నమ్మకానికి ఆ 12 పైసల తేడా గట్టి దెబ్బే.

ఇన్నోవా, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బండి కొనేవాళ్లు డీజిలా, పెట్రోలా అని నిజంగా ఆలోచించడం మొదలై పట్టుమని పదేళ్లే అయింది. అంతకు ముందు ఆ ప్రశ్నే లేదు. షోరూంలో రంగు గురించి బేరం ఉండేది గానీ ఇంజన్ గురించి ఉండేది కాదు. ఈ అలవాటు వెనక సగం ఇంజన్ గుణం, సగం సర్కారు లెక్క. మనం మాత్రం మొత్తం ఇంజన్ గుణమే అనుకుంటూ వచ్చాం.

ముందు ఇంజన్ సంగతి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంత ఒత్తిడి తట్టుకోవాలి కాబట్టి ఇంజన్ బరువుగా, గట్టిగా చేస్తారు, ఖరీదూ ఎక్కువే. అలా నొక్కడం వల్లే ఇంధనంలోని శక్తి ఎక్కువ భాగం పనిలోకి వస్తుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగుడు దొరుకుతుంది. ఫార్చ్యూనర్‌నే చూడండి. 2.7 లీటర్ల పెట్రోలు ఇంజన్ టార్క్, అంటే లాగుడు బలం, 245 న్యూటన్ మీటర్లు. 2.8 లీటర్ల డీజిల్ ఆటోమేటిక్‌లో అది 500. ఏడుగురు ఎక్కి, టాప్ మీద లగేజీ కట్టి, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఈ రెండు అంకెల మధ్య తేడా డ్రైవరుకు బాగా తెలుస్తుంది. పెట్రోలు బండి రెండో గేరుకు దిగి అరుస్తుంటే, డీజిల్ బండి మూడులోనే గుంజుకుపోతుంది.

ఆ పెట్రోలు ఇంజన్‌కు టర్బో, అంటే పొగ ఒత్తిడితో ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే పరికరం, లేదన్న మాటా చెప్పాలి. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో 2 లీటర్ల టర్బో పెట్రోలు 200 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. పవర్‌లో దాని డీజిల్ అన్నను దాటేసింది. పికప్ కోసం డీజిల్ కొనాలన్న వాదన అక్కడితో చాలా వరకు పలచబడింది. కాకపోతే టర్బో పెట్రోలు బండిని గట్టిగా తొక్కితే తాగుడు కూడా అంతే గట్టిగా ఉంటుంది.

ఇక సర్కారు లెక్క. లారీ, ఆర్టీసీ బస్సు, పొలంలో నీళ్లు తోడే ఇంజన్, ట్రాక్టరు అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి. డీజిల్ పెరిగితే బియ్యం, కూరగాయల ధరలు పెరుగుతాయి కాబట్టి ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కినా డీజిల్ ధర తొక్కిపెట్టారు. పెట్రోలు మాత్రం కారున్న షావుకారు ఇంధనం అని లెక్కేసి దాని మీద పన్ను బాదారు. అసలు తమాషా ఇక్కడే ఉంది. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో సగానికి పైగా తాగేవి ద్విచక్ర వాహనాలే. అంటే స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లే గుమాస్తా లీటరుకు ఎక్కువ కట్టాడు, రెండు టన్నుల బండిలో తిరిగే కాంట్రాక్టరు తక్కువ కట్టాడు. పేదవాడి పేరు చెప్పి ఇచ్చిన రాయితీ పెద్ద బండి ట్యాంకులోకి ఇంత తేలిగ్గా చేరుతుందని మొదట్లో ఎవరూ ఊహించి ఉండరు. తెలిసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆపలేదు.

మార్కెట్ మాత్రం ఈ సందును వెంటనే కనిపెట్టింది. 1980 ప్రాంతంలోనే డీజిల్ అంబాసిడర్ వచ్చింది. గుంజుడు లేకపోయినా, డబడబలాడినా ట్యాక్సీవాళ్లు దాన్నే పట్టుకున్నారు. పెట్రోలు బండి ఉన్నవాళ్లు కూడా ఇంజన్ దింపి డీజిల్ ఇంజన్ ఎక్కించుకునేవాళ్లు. మహీంద్రా జీపులు మొదట పెట్రోలువే, తర్వాత డీజిల్‌కు మారిపోయాయి. 1994లో టాటా సుమో వచ్చింది. టాటా కంపెనీ పెద్దల్లో ఒకరైన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలతో పెట్టిన పేరది. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, ఎన్నికల ప్రచారానికి, తిరుపతి ట్రిప్పులకు అదే బండి. తెలుగు సినిమాల్లో అవి గాల్లోకి లేచిన సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2000లో క్వాలిస్, 2002లో స్కార్పియో, 2005లో ఇన్నోవా వచ్చాయి. హైటెక్ సిటీ కాల్ సెంటర్ల రాత్రి షిఫ్టులన్నీ ఒకప్పుడు క్వాలిస్‌ల మీదే నడిచాయి. స్కార్పియోలో పెట్రోలు ఇంజన్ కూడా పెట్టి చూశారు, కొన్నవాళ్లు తక్కువ.

ఇదే సమయంలో అమెరికాలో సీను పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ ఫెడరల్ పన్ను పెట్రోలు మీద గ్యాలనుకు 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. బంకులో కూడా మామూలుగా డీజిలే ఎక్కువ ధర. అందుకే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల ఏడు సీట్ల బండ్లు దాదాపు అన్నీ పెట్రోలు తాగేవే. బరువు అదే, ఫిజిక్స్ అదే, బంకు బోర్డు మీద అంకెలు వేరు.

మన దగ్గర తేడా పతాకస్థాయికి చేరింది 2012లో. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద అదుపు ఎత్తేశారు, డీజిల్‌ను మాత్రం ముట్టుకోలేదు. 2012 మే 24న ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయల 18 పైసలు, డీజిల్ 40 రూపాయల 91 పైసలు. లీటరుకు 32 రూపాయల తేడా. ఆ ఏడాది కొత్తగా అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలే. ఇంధన ధరల మీద కేంద్రం వేసిన కిరీట్ పారిఖ్ కమిటీ 2010లోనే డీజిల్ కారు మీద అదనంగా 80 వేల రూపాయల ఎక్సైజ్ వేయమంది. ఎవరూ వెయ్యలేదు. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల ఎక్సైజ్‌ను 27 నుంచి 30 శాతానికి పెంచి సరిపెట్టారు. అయితే అదే ఏడాది జనవరిలో ఒక తెలివైన పని మొదలైంది. డీజిల్‌ను నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోయారు. ఎవరికీ మరీ నొప్పి తెలియలేదు. 2014 అక్టోబరులో అంతర్జాతీయ చమురు ధర పడిపోతుండగా డీజిల్ మీద కూడా అదుపు తీసేశారు. సర్కారు లెక్క సగం అప్పుడే కరిగింది.

ఆ తర్వాతి దెబ్బ కోర్టు నుంచి పడింది. 2015 డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కంపెనీలకు టెన్షన్ మొదలైంది. మహీంద్రా కొద్ది వారాల్లోనే స్కార్పియో, ఎక్స్‌యూవీ 500లకు 1.99 లీటర్ల డీజిల్ ఇంజన్ పెట్టి తెచ్చింది. గీతకు వెంట్రుకవాసి ఇవతల! టొయోటా 2016 ఆగస్టులో ఇన్నోవా క్రిస్టాకు 2.7 లీటర్ల పెట్రోలు ఇంజన్ తెచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, షోరూం ధరలో ఒక శాతం పర్యావరణ సుంకంగా కట్టమని చెప్పి కోర్టు నిషేధం ఎత్తేసింది. నిషేధం ఎనిమిది నెలలే ఉంది గానీ, పెద్ద బండికి పెట్రోలు ఇంజన్ కూడా చేతిలో ఉండాలని కంపెనీలు నేర్చుకున్నది దాని వల్లే. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీలో తిరగకూడదన్న గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే జాతీయ న్యాయస్థానం) ఆదేశం కూడా 2015దే. హైదరాబాద్‌లో, విజయవాడలో అలాంటి గడువు లేదు. ఢిల్లీ పాత డీజిల్ బండ్లు చవకగా బయటి రాష్ట్రాలకు తరలిపోవడానికి అది ఒక కారణం.

2020 ఏప్రిల్ 1న బండ్ల పొగకు బీఎస్-6 అనే కొత్త కాలుష్య ప్రమాణం వచ్చింది. డీజిల్ కారు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గాలి. పెట్రోలు కారుకు 80 నుంచి 60కి తగ్గితే చాలు. బరువంతా డీజిల్ మీదే పడింది. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, పెద్ద బండ్లలో చాలా వాటికి పొగలోకి యూరియా నీళ్లు కొట్టే వ్యవస్థ వచ్చి చేరాయి. చిన్న కారుకు ఈ ఖర్చు గిట్టదని మారుతి డీజిల్‌నే వదిలేసింది. ఫోక్స్‌వ్యాగన్, రెనో, స్కోడా కూడా అదే దారి పట్టాయి.

చిన్న కార్లలో డీజిల్ చచ్చి పెద్ద బండ్లలో ఎందుకు బతికిందో కాగితం మీద వేసుకుంటే తేలిపోతుంది. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో పెట్రోలు 107, డీజిల్ 95 పైచిలుకు. చిన్న కారు పెట్రోలుకు 18, డీజిల్‌కు 23 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు మిగిలేది 1 రూపాయి 80 పైసలు. పెద్ద బండి పెట్రోలుకు 9, డీజిల్‌కు 13 ఇస్తే మిగిలేది నాలుగున్నర రూపాయల పైనే. డీజిల్ బండికి లక్ష ఎక్కువ పెట్టారనుకుంటే, చిన్న కారులో ఆ లక్ష తిరిగి రావడానికి 55 వేల కిలోమీటర్లు తిరగాలి, పెద్ద బండిలో 22 వేలు చాలు. ట్రావెల్స్ నడిపే ఓనర్ కమ్ డ్రైవరుకు అది నాలుగైదు నెలల పని.

టొయోటా కూడా ఇది చూసింది. 2022 ఆఖరులో డీజిల్ లేకుండా పెట్రోలు, పెట్రోలు హైబ్రిడ్‌లతో ఇన్నోవా హైక్రాస్ తెచ్చింది. ఊళ్లో ట్రాఫిక్‌లో హైబ్రిడ్ మైలేజ్ డీజిల్‌ను తలదన్నే మాట నిజమే. అయినా ఆపేసిన క్రిస్టా డీజిల్ బుకింగ్‌లను 2023 జనవరిలో మళ్లీ తెరవాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రమంత్రి గడ్కరీ డీజిల్ బండ్ల మీద పది శాతం అదనపు జీఎస్టీ అడుగుతానని కార్ల కంపెనీల సభలో అని, ఆ రోజే అలాంటి ప్రతిపాదన లేదని సర్దుకున్నారు. పెట్రోలు వైపు ఇబ్బంది ఇంకో రకం. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజ్ కొంత పోతుంది, లీటరుకు తొమ్మిది ఇచ్చే బండికి అది బాగానే తెలుస్తుంది.

అలాగని సొంత వాడకానికి కూడా డీజిలే అనడం తప్పు. డీపీఎఫ్‌లో చేరిన మసి కాలాలంటే ఫిల్టరు 600 డిగ్రీల దగ్గరికి వేడెక్కాలి. బండి హైవే మీద కాసేపు ఒకే వేగంతో నడిస్తే ఆ పని దానంతట అది జరిగిపోతుంది. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు రోజూ ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి పవర్ తగ్గించుకుంటుంది, ఆ తర్వాత సర్వీస్ సెంటరే దిక్కు. వారానికోసారైనా ఔటర్ రింగ్ రోడ్డో విజయవాడ హైవేనో ఎక్కే అవకాశం ఉంటే డీజిల్ తీసుకోవచ్చు. పిల్లల స్కూలు, ఆఫీసు, ఆదివారం షాపింగ్ మాల్ తప్ప బండికి వేరే దారి తెలియనప్పుడు కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు పోయినా పెట్రోలో, బడ్జెట్ ఉంటే హైబ్రిడ్డో తీసుకోవాలి.