ఇంట్లో చదవాలా, క్లాసులో చేరాలా? క్వాంటం మెకానిక్స్ విషయంలో అపోహలు - వాస్తవాలు

పగలు బీఎస్సీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. సాయంత్రాలు జామ్‌కి, అంటే ఐఐటీల్లాంటి చోట ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్షకి, చదివేవాళ్లకి క్వాంటం మెకానిక్స్ చెబుతాను. మా విశాఖలో ఏటా జూన్ వచ్చిందంటే ఇదే ప్రశ్న: ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టి చేరాలా, ఇంట్లో ఫోన్ ముందు పెట్టుకుని చదివేసుకోవచ్చా? అడిగేవాళ్లని సగం భయపెట్టేది ఎవరో ఎక్కడో అన్న మాటలే. వాటిలో ఒక్కటి మాత్రం నిజంగా ఒక విద్యా సంవత్సరాన్ని మింగేస్తుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: లెక్చర్లన్నీ చూసేస్తే సబ్జెక్టు వచ్చేసినట్టే.

ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. చాలా బాగుంటాయి కూడా. పాఠాల్లో లోపం లేదు. చూస్తున్నంతసేపూ ప్రతి మెట్టూ అర్థమవుతుంది, ఎందుకంటే తర్వాత ఏం చేయాలో ఆలోచించే పనంతా పాఠం చెప్పే ఆయనే చేసేస్తున్నారు. మనకి తలూపడమే మిగులుతుంది.

పోయిన ఏడాది గాజువాక నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చురుకైనవాడు. "వీడియోలన్నీ చూసీసేను మాస్టారూ, డౌట్లుంటే అడుగుతాను, అంతే" అన్నాడు. తెల్లకాగితం చేతికిచ్చి, హార్మోనిక్ ఆసిలేటర్ (స్ప్రింగుకి కట్టిన కణం లాంటిది) గ్రౌండ్ స్టేట్‌లో, అంటే అతి తక్కువ శక్తి స్థితిలో, ఎక్స్ స్క్వేర్‌కి ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ, అంటే యావరేజ్, కట్టమన్నాను. ఎక్స్ అంటే కణం ఉన్న చోటు. కాసేపు చూసి సున్నా వేశాడు. ఎందుకురా అంటే, "పొటెన్షియల్ సిమెట్రిక్ కదండీ, ఎక్స్ యావరేజ్ సున్నా. ఇంక దాని స్క్వేరూ సున్నాయే" అన్నాడు.

ఎక్స్ యావరేజ్ సున్నా అన్నంతవరకూ ఒప్పే. కానీ ఎక్స్ స్క్వేర్ ఎప్పుడూ నెగెటివ్ కాదు. దాని యావరేజ్ సున్నా అవ్వాలంటే కణం కచ్చితంగా మధ్య బిందువులోనే ఉండాలి. అప్పుడు డెల్టా ఎక్స్, అంటే చోటులో ఉండే అనిశ్చితి, సున్నా అయిపోతుంది. చోటూ, మొమెంటమూ రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండవనే అనిశ్చితి సూత్రం చెల్లకుండా పోతుంది. అసలు జవాబు హెచ్‌బార్ బై 2 ఎం ఒమేగా, అంటే ħ/(2mω). అనిశ్చితి సూత్రం చెప్పమంటే అదే కుర్రాడు గడగడా చెప్పాడు. తన సున్నా పక్కన దాన్ని రాసి చూడమన్నాక ముఖం వాడిపోయింది.

వాడికి తెలివి తక్కువై కాదు. ఇంట్లో ఆ సున్నాని కొట్టేసేవాళ్లు లేరు. నెలల తరబడి మిగతా పాఠాలన్నీ దాని మీదే పేర్చుకుంటూ పోయాడు.

వాస్తవం: ఇల్లా, క్లాసా అన్నది తర్వాత. మీరు చేసిన లెక్కని లైను లైనూ చూసి తప్పెక్కడుందో చెప్పే మనిషి ఉన్నారా లేరా అన్నది ముందు తేల్చుకోండి. హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి బోర్డు మీది ఎక్కించుకోమని పంపేసే క్లాసు మీకు వీడియో కన్నా ఎక్కువేమీ ఇవ్వదు. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్లు తప్పో ఒప్పో చెబుతాయి, ఏ లైనులో దారి తప్పారో చెప్పవు. ఇంట్లో చదవదలిస్తే తోడుగా ఒక్కరినైనా వెతుక్కుని, వారం వారం నోటుపుస్తకాలు మార్చుకుని దిద్దుకోండి. మీ కాలేజీ లెక్చరర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి "క్వాంటం అర్థం కావట్లేదు సార్" అంటే ఆయన మాత్రం ఏం చెప్తారు? మూడు పేజీలు చేసి "ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను" అనండి. విసుక్కునేవాళ్లు కూడా కుర్చీ లాగి కూర్చోమంటారు.

అలా చూపించుకోవడానికి ఎవరూ లేకపోయినా, ఇంతకుముందు సొంతంగా మొదలెట్టినవి సగంలో వదిలేసే అలవాటున్నా, క్లాసులో చేరడమే మంచిది. అయితే చేరేముందు అక్కడ నోటుపుస్తకాలు దిద్దుతారో లేదో పాత విద్యార్థుల్ని అడగండి.

అపోహ: లెక్కలు దారిలో నేర్చుకోవచ్చు.

కుదరదు. స్పిన్ లెక్కల్లో వచ్చే సిగ్మా ఎక్స్ అనే 2×2 మాత్రికకి ఐగెన్ వాల్యూలు, ఐగెన్ వెక్టర్లు పుస్తకం తెరవకుండా కట్టండి. ప్లస్ 1, మైనస్ 1 వచ్చి, వాటి వెక్టర్లు నార్మలైజ్ చేయగలిగితే మొదలుపెట్టండి. లేదంటే ముందు లీనియర్ ఆల్జీబ్రా చూసుకోండి, క్లాసుకి వెళ్లేవాళ్లయినా సరే.

అపోహ: కోచింగ్ లేకుండా జామ్ రాదు.

ఈ పుకారు వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెందుర్తి నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కడతానంది, పక్కింటివాళ్లెవరో ఇంట్లో చదివితే సీటు రాదన్నారట. అమ్మాయి పుస్తకం తీసి చూశాను. పేజీల నిండా కొట్టివేతలు, ప్రతి కొట్టివేత పక్కనా ఎందుకు తప్పో చిన్న అక్షరాలతో రాసుకుంది. "గొలుసు మెడలోనే ఉంచుకోండమ్మా. అమ్మాయిని ఆదివారం ఆదివారం పంపండి, పుస్తకం దిద్దుతాను" అన్నాను.

జామ్ ఫిజిక్స్‌లో 3 గంటలకి 60 ప్రశ్నలు, 100 మార్కులు. వాటిలో 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, అంకె కట్టి టైప్ చేయాలి. వీడియోలు చూసి తలూపినవాళ్లు దొరికిపోయేది అక్కడే. పాత పేపర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి.

అపోహ: ప్రాక్టికల్స్ కూడా చూసి నేర్చుకోవచ్చు.

న్యూటన్ రింగ్స్ ప్రయోగంలో మైక్రోస్కోప్ స్క్రూని ఒకే వైపు తిప్పుతూ పోవాలి. మధ్యలో వెనక్కి తిప్పితే బ్యాక్‌లాష్ (స్క్రూ మరల్లో ఉండే వదులు) వచ్చి రీడింగు చెడుతుంది. అది చేతికి అలవాటు కావాలి. ల్యాబ్ మానకండి.

అపోహ: ఆన్‌లైన్ కోర్సుకి క్రెడిట్లు రావు.

వస్తాయి. యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ద్వారా చేయడానికి వీలు కల్పించాయి. అయితే ఏ కోర్సుని ఒప్పుకోవాలన్నది మీ యూనివర్సిటీ ఇష్టం. చేరకముందే కోర్సు పేరు పట్టుకుని డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి అడగండి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి.