పరిచయం కాకతాళీయమే, మరి పెళ్లి?

ప్రియమైన పిల్లలకు,

మీ వయసు వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. సరైన మనిషి ఎక్కడ తారసపడతారు, తారసపడితే మనకు తెలుస్తుందా అని. అలా అడిగేటప్పుడు గొంతులో టెన్షన్ వినిపిస్తుంది. ఆ మనిషి ఇప్పటికే మన పక్కనుంచి వెళ్లిపోయారేమో, మనం గమనించలేదేమో అన్న భయం అది. అనుకోకుండా కలిసి జీవితాంతం కలిసి ఉన్న జంటల కథలు విన్న కొద్దీ ఆ భయం పెరుగుతుంది కూడా. అందుకే అలాంటి కథ ఒకటి ముందు చెబుతాను. అందరూ ఆపేసే చోట ఆపకుండా చెబుతాను.

1894లో పారిస్‌లో చదువుకుంటున్న మరియా స్క్లొదోవ్‌స్కా అనే పోలండ్ అమ్మాయికి చోటు కరువైంది. రకరకాల ఉక్కుల అయస్కాంత గుణాలను పరీక్షించే పని ఆమెకు దొరికింది కానీ, ఆమె ఉన్న ల్యాబ్‌లో పరికరాలు పెట్టుకోవడానికి జాగా చాల్లేదు. ఆ రోజుల్లోనే కొవాల్‌స్కీ అనే పోలిష్ భౌతిక శాస్త్రవేత్త భార్యతో కలిసి పారిస్ వచ్చాడు. ఈమె ఇబ్బంది విని, తనకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడి దగ్గర గది దొరకవచ్చని ఇద్దరినీ తన బసకు పిలిచాడు. ఆ ఉపాధ్యాయుడు పియర్ క్యూరీ. మరియాను మనం మేరీ క్యూరీ అంటాం.

కథ చెప్పేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఒక గది కోసం వెళ్తే జీవిత భాగస్వామి దొరికాడని ముచ్చటపడతారు. కానీ ఆ సాయంత్రానికీ పెళ్లికీ మధ్య ఏడాదికి పైగా గడిచింది. నాకు ఆ ఏడాదే ముఖ్యం. పియర్ పెళ్లి మాట ఎత్తితే ఆమె వెంటనే ఒప్పుకోలేదు. చదువు పూర్తిచేసుకుని పోలండ్ తిరిగి వెళ్లాలన్నది ఆమె ఉద్దేశం. ఆ వేసవిలో వెళ్లింది కూడా. ఆయన ఉత్తరాలు రాశాడు. ఆమె జవాబులు రాసింది. అవసరమైతే తానే పోలండ్ వచ్చేస్తానన్నాడు. భాష రాని దేశానికి, ఉద్యోగం వదిలేసి. ఆమె చివరికి పారిస్ తిరిగి వచ్చింది, 1895 జులై 26న పెళ్లయింది. పెళ్లికి, తర్వాత ల్యాబ్‌లో కూడా వేసుకోవచ్చని ముదురు నీలం గౌను కుట్టించుకుంది. కొత్త సైకిళ్ల మీద పల్లెలు తిరిగి వచ్చారు.

ఇంకొక్క సంగతి. 1903లో నోబెల్ బహుమతికి మొదట మేరీ పేరు లేకుండా సిఫారసు వెళ్లింది. ఆ సంగతి తెలిసిన పియర్, రేడియోధార్మికత పరిశోధనలో తామిద్దరినీ కలిపే చూడాలని రాశాడు. ఆమె పేరు చేరింది. 1906లో వీధిలో గుర్రపు బండి కింద పడి ఆయన చనిపోయేటప్పటికి వాళ్ల పెళ్లికి పదకొండేళ్లు కూడా నిండలేదు. అయినా నిలబడిన పెళ్లి అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. ఒకరు లేని చోట వాళ్ల తరఫున రెండోవాళ్లు మాట్లాడారు కనుక.

పియర్ ఉత్తరాల దగ్గర ఒక హెచ్చరిక, ముఖ్యంగా అబ్బాయిలకు. ఆయన పట్టుదలగా రాశాడు కదా, మనమూ అలాగే వెంటపడదామని అనుకోవద్దు. అటునుంచి జవాబులు వస్తున్నాయి కనుక ఆయన రాశాడు. వద్దని చెప్పినా, జవాబు ఇవ్వడం మానేసినా, ఇంకా మెసేజ్‌లు పంపుతూ, దారి కాస్తూ ఉంటే అది వేధింపే. దానికి ప్రేమ అని పేరు పెట్టకూడదు. అనుకోకుండా ఎదురుపడినంత మాత్రాన ఎవరి మీదా మనకు హక్కు రాదు.

అందరికీ మొదటి చూపులోనే ఏదో జరగాలని కూడా లేదు. టీవీలో వంట నేర్పి పేరు తెచ్చుకున్న జూలియా చైల్డ్, ఆమె భర్త పాల్ రెండో ప్రపంచ యుద్ధం వల్ల కలిశారు. ఇద్దరూ అమెరికా గూఢచార విభాగంలో పనిచేసేవారు. 1944లో ఇద్దరినీ సిలోన్‌కు, అంటే ఇప్పటి శ్రీలంకకు పంపారు. ఆయన ఆమె కంటే పదేళ్లు పెద్ద. మొదట్లో ఆయనకు ఆమె మీద అలాంటి ఆలోచనే లేదు. స్నేహం మాత్రం పెరిగింది. తర్వాత ఇద్దరికీ చైనాలో పని పడింది. 1946 సెప్టెంబరులో పెళ్లి చేసుకున్నారు, 1994లో పాల్ చనిపోయేవరకూ కలిసే ఉన్నారు. యుద్ధం వాళ్లను ఒక చోటికి చేర్చింది నిజమే. దానితోపాటు, పని వాళ్లను మళ్లీ మళ్లీ ఒకరి ముందుకు ఒకరిని తెచ్చింది.

ఈ మళ్లీ మళ్లీ అన్నదాని మీద మంచి పరిశోధనలున్నాయి. జేమ్స్ బొస్సార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఫిలడెల్ఫియా నగరంలో 5,000 పెళ్లి లైసెన్సులను తిరగేసి 1932లో ఫలితాలు ప్రచురించాడు. దాదాపు మూడో వంతు జంటల్లో పెళ్లికి ముందు ఇద్దరి ఇళ్ల మధ్య దూరం అయిదు వీధులకు మించలేదు. వాళ్లను అడిగితే అనుకోకుండా కలిశామనే చెప్పి ఉండేవారు. 1992లో అచ్చయిన మరో ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. రూపంలో పెద్ద తేడా లేని నలుగురు అమ్మాయిలను ఒక కాలేజీ క్లాసు కోసం ఎంచుకున్నారు. ఒకరు అసలు వెళ్లలేదు, మిగతావాళ్లు 5, 10, 15 సార్లు వెళ్లి కూర్చున్నారు. ఎవరితోనూ మాట్లాడలేదు. చివర్లో విద్యార్థులకు ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవాళ్లే ఎక్కువ నచ్చారు. కనిపించిన ముఖం మళ్లీ కనిపిస్తుంటే మనసు కొంచెం సడలుతుంది, అంతే.

కాబట్టి ఆ ఒక్క క్షణం జారిపోయిందని దిగులుపడకండి. అపూర్వమైన కలయిక కోసం కాచుకుని కూర్చోవడం కంటే, మీకు నిజంగా ఇష్టమైన పని ఎక్కడ జరుగుతుందో అక్కడికి క్రమం తప్పకుండా వెళ్లండి. లైబ్రరీ కావచ్చు, పాటల బృందం కావచ్చు, కొండలెక్కే గుంపు కావచ్చు. ఒక్కసారి వెళ్లి ఎవరూ దొరకలేదని మానేస్తే లాభం లేదు. ఎవరూ తారసపడకపోయినా, మీకు ఇష్టమైన పనిలో గడిపిన కాలం ఎక్కడికీ పోదు.

ఆన్‌లైన్ పరిచయాలను తక్కువ చేసి మాట్లాడను. అమెరికాలో 2017లో కలిసిన స్త్రీ పురుష జంటల్లో సుమారు 39 శాతం ఆన్‌లైన్‌లోనే కలిశాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల సర్వే చెప్పింది. అక్కడా నియమం ఒకటే. మొదట జనం తిరిగే చోట కలవండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి, ముఖం చూడని మనిషికి డబ్బు పంపకండి.

ఇక గుండె దడ. అది మనల్ని ఎంత తేలిగ్గా మోసం చేస్తుందో 1974లో కెనడాలో చూపించారు. కాపిలానో నది మీద ఊగే వంతెన ఒకటుంది, కింద లోయ 70 మీటర్లు. దాని మీద నడిచే మగవాళ్లను ఒక యువతి ఆపి కొన్ని ప్రశ్నలడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబరిచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. కదలని వంతెన మీద అదే పని చేస్తే 16 మందిలో ఇద్దరే చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను ఆకర్షణ అనుకున్నారన్నది పరిశోధకుల మాట. ప్రయాణంలో, ప్రమాదంలో, ఊరు కాని ఊరిలో కలిసిన మనిషి ఎందుకు అంత గొప్పగా అనిపిస్తారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఆ అనుభూతి అబద్ధమని నేననను. ఇంటికొచ్చి, మామూలు రోజున, అలసిపోయి ఉన్నప్పుడు కూడా ఆ మనిషి నచ్చుతున్నారా అని చూసుకోండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది "మాకు రాసిపెట్టి ఉంది" అన్న మాట. వినడానికి హాయిగా ఉంటుంది, పెళ్లిరోజు వేడుకలో చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ కలిసిన తీరు వింతగా ఉంది కనుక ఇది విధి నిర్ణయమే అనుకునేవాళ్లు రెండు విధాలుగా దెబ్బతినడం చూశాను. మొదటి గొడవ రాగానే, అయితే ఇది రాసిపెట్టింది కాదేమో అని కొందరు వదిలేస్తారు. ఇంకొందరు తమను చిన్నచూపు చూసే మనిషితోనే, రాత ఇదే కదా అని ఏళ్ల తరబడి ఉండిపోతారు. రెండోది మరీ బాధ. బస్సులో పక్క సీటు దొరికిందని ఎవరూ ఎవరికీ బానిసలు కానక్కర్లేదు. పైగా వింతగా కలిసి నాలుగు నెలలకే విడిపోయిన జంటలు ఎన్నో ఉంటాయి. వాళ్ల కథ ఎవరూ చెప్పరు, అందుకే మనకు నిలిచిన జంటల కథలే వినిపిస్తాయి.

సరే, నిలిచేది ఎందుకు నిలుస్తుంది? 2020లో 43 అధ్యయనాల నుంచి 11,000కు పైగా జంటల సమాచారాన్ని కలిపి కంప్యూటర్‌తో విశ్లేషించారు. బంధం ఎంత తృప్తిగా ఉందో అవతలి మనిషి చదువు, స్వభావం, అలవాట్లు వేటికవి పెద్దగా ఏమీ చెప్పలేకపోయాయి. ఈ మనిషి మన బంధానికి కట్టుబడి ఉన్నారన్న నమ్మకం, ఈ మనిషి దొరకడం నా అదృష్టమన్న భావన ఎవరికి వారికి ఎంత ఉన్నాయన్నదే ఎక్కువ చెప్పింది. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్తగా పెళ్లయిన జంటలను గమనించి ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశాడు. ఒకరు "బయట వాన చూడు" అంటే రెండోవాళ్లు తల తిప్పి చూశారా, లేదా? కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపులకు 86 శాతం సార్లు స్పందించాయి, విడిపోయిన జంటలు 33 శాతం సార్లే. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కేసుకుంటే చిన్నది కాదు.

అందుకని రెండోసారి, మూడోసారి కలిసినప్పుడు కొన్ని గమనించండి. మీరు మాట్లాడుతుంటే వింటున్నారా, తన వంతు కోసం ఎదురుచూస్తున్నారా? మీరు కాదంటే ముఖం మాడ్చుకుని శిక్షిస్తున్నారా? తనకు ఏ విధంగానూ పనికిరాని మనిషితో ఎలా మాట్లాడుతున్నారు? మీ పని, మీ చదువు గురించి చెబితే సంతోషిస్తున్నారా, సహిస్తున్నారా? అవే ప్రశ్నలు మీ గురించి మీరూ వేసుకోండి. తొందరేమీ లేదు, మేరీకి ఏడాది పట్టింది.

మీకు తెలిసిన దంపతుల్లో అనుకోకుండా కలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా కలిశారని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ఆ తర్వాతి ఏడాది గురించి అడగండి. ఏ విషయంలో మొదట అభిప్రాయభేదం వచ్చింది, ఎవరు ఏం వదులుకున్నారు, ఎప్పుడు నమ్మకం కుదిరింది అని. వాళ్లు చెప్పింది నాకూ రాయండి. నింపాదిగా చదువుతాను, తప్పకుండా జవాబిస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ