ఎడమ కన్నుతో ఫొటో తీసేవారు: అపోహలు - వాస్తవాలు

పెళ్లి ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు కెమెరాను ఎడమ కంటికి ఆనించాడంటే చాలు, పక్కనున్న సీనియర్ “కుడి కన్నుతో చూడు” అంటూ సరిదిద్దుతాడు. నా దృష్టిలో సరిదిద్దాల్సింది కన్నును కాదు, కెమెరా సెట్టింగులను.

అపోహ: ఎడమచేతి వాటం వాళ్లే ఎడమ కన్నుతో చూస్తారు.

వాస్తవం: కంటి వాటం వేరు, చేతి వాటం వేరు. సుమారు ముగ్గురిలో ఒకరికి ఎడమ కన్నే ప్రధానం. వాళ్లలో ఎక్కువమంది కుడిచేత్తో రాసేవాళ్లే. రెండు అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే మీ ప్రధాన నేత్రం.

అపోహ: కుడి కంటికి అలవాటుపడితే ఫొటోలు మెరుగవుతాయి.

వాస్తవం: ఏ కంటితో చూసినా ఫ్రేము అదే. అసలు ఇబ్బంది ముక్కుతో, బొటనవేలితో. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) మధ్యలో ఉన్న కెమెరాకు ఎడమ కన్ను ఆనిస్తే ముక్కు వెనకున్న తెర కుడి సగం మీద పడుతుంది. ఫోకస్ బిందువును జరిపే చిన్న మీట (జాయ్‌స్టిక్) కోసం వెళ్లే బొటనవేలు చెంపకూ కెమెరాకూ మధ్య నలుగుతుంది. తెర మీద వేలు జరిపి ఫోకస్ బిందువును మార్చే సదుపాయం ఆన్‌లో ఉంటే ఆ పని ముక్కే చేసేస్తుంది. జీలకర్ర-బెల్లం వేళ ఫోకస్ వధువును వదిలి వెనకున్న అరటిబోదె మీదికి పోతుంది! ఆ సదుపాయాన్ని ఆపేయండి. తెర తిరిగేదైతే లోపలివైపు మడిచి పెట్టండి, జిడ్డు మరకల బాధా తప్పుతుంది.

అపోహ: నిలువు ఫ్రేముకు గ్రిప్ (కుడిచేత్తో పట్టుకునే ఉబ్బెత్తు భాగం) పైకే ఉండాలి.

వాస్తవం: అది కుడి కంటివాళ్ల సౌకర్యం. ఎడమ కంటివాళ్లం మనం అలా తిప్పితే ముక్కు నేరుగా తెరకే తగులుతుంది. గ్రిప్ కిందికి వచ్చేలా తిప్పి చూడండి: ముక్కు కెమెరా పక్కకు తప్పుకుంటుంది, కుడి మోచేయి ఛాతీకి ఆనుతుంది, చెయ్యి వణకదు.

అపోహ: వ్యూఫైండర్ ఎడమ మూలన ఉన్న కెమెరా ఎవరికైనా హాయి.

వాస్తవం: కుడి కంటివాళ్లకు హాయి. మనకైతే ముఖమంతా కెమెరా వెనక్కి పోతుంది. కొనేముందు దుకాణంలో కంటికి ఆనించి చూడండి. పాత ఫిల్మ్ కెమెరాల్లో నికాన్ ఎఫ్‌ఎం2 మరీ ఘోరం. వెలుతురు కొలిచే మీటరు పనిచేయాలంటే ఫిల్మ్ తిప్పే లివరును కాస్త బయటికి లాగి ఉంచాలి, అది కుడి కంట్లో పొడుచుకుంటుంది.

అపోహ: గ్రిప్ ఎంత పెద్దదైతే చేతికి అంత సుఖం.

వాస్తవం: లెన్సు బరువు మోయాల్సింది దాని కింద పెట్టిన ఎడమ అరచెయ్యి. గ్రిప్‌ను బిగించి పట్టుకుంటే రాత్రి ముహూర్తం వేళకు మణికట్టు పట్టేస్తుంది. చిటికెనవేలు కిందికి జారుతున్నా, వేలి కణుపులు లెన్సుకు ఒరుసుకుంటున్నా ఆ గ్రిప్ మీ చేతికి సరిపోలేదు. మొదటిదానికి కెమెరా అడుగున బిగించే అదనపు పట్టీ చాలు. రెండోదానికి వేరే కెమెరా చూసుకోవలసిందే.