రువాండా పిల్లలు మళ్లీ స్కూలుకి ఎలా వెళ్లారంటే

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, గొడవల్లో అమ్మానాన్న పోయిన పిల్లలు తర్వాత స్కూలుకి వెళ్తారా అని. అప్పుడు సరిగ్గా చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

1994లో ఆఫ్రికాలోని రువాండా దేశంలో ఏప్రిల్ నుంచి జులై దాకా ఓ వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు, ఎక్కువమంది టుట్సీలు అనే తెగవాళ్లు. అనాథలైన పిల్లలే 95,000 మంది దాకా అని యూనిసెఫ్ లెక్క. పన్నెండేళ్ల అక్కే ఇంటిపెద్దయి తమ్ముళ్లకి వండిపెట్టిన ఇళ్లున్నాయి, ఇంక తను బడికెప్పుడు పోతుంది చెప్పండి.

పైగా బడి అంటేనే భయం. అంతకుముందు క్లాసులో టీచరే టుట్సీలు లేచి నిలబడండి అని లెక్కపెట్టేవాడు. మురాంబి అనే చోట అయితే కడుతున్న స్కూల్లో తలదాచుకున్న వేలమందిని అక్కడే చంపారు. అలాంటి పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి ఎక్కం అప్పజెప్పమంటే వస్తుందా? ఎక్కడో తలుపు ధన్‌మంటే చాలు, అంతా మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు వణికిపోతుంది, పాఠం చెవికెక్కదు. చూసేవాళ్లేమో మొద్దు అనుకుంటారు (నాకు ఒళ్లుమండేది ఇక్కడే).

ఫీజుల కోసం ప్రభుత్వం 1998లో ఒక ఫండ్ పెట్టింది, మంచిదే. కానీ నాకు బాగా నచ్చింది పిల్లలు వాళ్లంతట వాళ్లు చేసుకున్న పని. 1996లో యూనివర్సిటీలో బతికి బయటపడ్డ స్టూడెంట్లు కొందరు ఏఈఆర్‌జీ అని సంఘం పెట్టుకుని, అందులో కుటుంబాలు కట్టుకున్నారు. నిజంగానే! తమలోనే ఒకరిని నాన్నగా, ఒకరిని అమ్మగా ఎన్నుకుంటారు, వాళ్లకీ ఇరవై ఏళ్లే ఉంటాయి. మార్కులు తగ్గితే ఎందుకురా అని అడిగేది ఆ నాన్నే, జ్వరమొస్తే పక్కన కూర్చునేది ఆ అమ్మే. తర్వాత ఇది హైస్కూళ్లకీ పాకింది.

మరి ఆ భయం పూర్తిగా పోతుందా అంటే, అందరికీ పోదు. ఏటా ఏప్రిల్ 7న సంతాప సభలు మొదలైతే ఉన్నట్టుండి కేకలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ట్రైనింగ్ అయినవాళ్లు అక్కడే ఉంటారు, మెల్లగా పక్కకి తీసుకెళ్తారు, ఏమైంది ఏమైంది అని గుచ్చిగుచ్చి అడగరు, ఊపిరి కుదుటపడేదాకా తోడు కూర్చుంటారు.

ఇంకా ఏమన్నా అడగాలంటే రాయండి, కాకపోతే అన్నీ ఒకేసారి అడిగితే నా వల్ల కాదు.

మీ పెద్దమ్మ