చెప్పడం, చేయించడం, చేయనివ్వడం: తరగతి బోధనపై అపోహలు, వాస్తవాలు

పీరియడ్‌లో ఎంతసేపు పాఠం చెప్పాలి, ఎంతసేపు విద్యార్థులకు వదిలేయాలి అన్న చర్చ గణితం బోధించే మా మధ్య తరచూ వస్తుంది. నిమిషాల పంపకం మీద సాగే ఈ చర్చలో, ఉపాధ్యాయుడు చేసి చూపే దశ నుంచి విద్యార్థి సొంతంగా చేసే దశకు ఎప్పుడు, ఏ ఆధారంతో మారాలన్న అసలు ప్రశ్న మరుగున పడుతోందని నా అభిప్రాయం. కింది అపోహలన్నీ ఆ ప్రశ్నను విస్మరించడం వల్ల పుట్టినవే.

అపోహ: మంచి ఉపాధ్యాయుడు తక్కువ మాట్లాడతాడు, పిల్లలు స్వయంగా కనుక్కున్నదే నిలుస్తుంది.

వాస్తవం: కొత్త అంశం నేర్చుకునేవారి విషయంలో ఇది సాధారణంగా నిజం కాదు. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగే కొత్త అంశాలు చాలా కొద్ది. దారి తెలియని విద్యార్థి ఆ కొద్దిపాటి శక్తినంతా వెతుకులాటకే ఖర్చు చేస్తాడు కాబట్టి, జవాబు దొరికినా పద్ధతి అతనికి పట్టుబడకపోవచ్చు. పరిశోధకులు స్వెల్లర్, కూపర్ 1985లో ప్రచురించిన బీజగణిత ప్రయోగాల్లో, చేసి చూపిన లెక్కలను అధ్యయనం చేసినవారు, మొదటి నుంచీ సొంతంగా లెక్కలు చేసినవారి కంటే ఆ తరువాత అదే తరహా లెక్కలను తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో పూర్తి చేశారు. బోధన సూత్రాలపై విద్యా పరిశోధకుడు రోసెన్‌షైన్ 2012లో రాసిన వ్యాసం ప్రస్తావించిన ఒక అధ్యయనంలో, మెరుగైన ఫలితాలు సాధించిన గణిత ఉపాధ్యాయులు 40 నిమిషాల పీరియడ్‌లో సుమారు 23 నిమిషాలను వివరణకు, ప్రదర్శనకు, ప్రశ్నలకు, ఉదాహరణలకు వినియోగించారు. ఫలితాలు తక్కువగా ఉన్నవారు 11 నిమిషాలే వినియోగించారు. ఆ 23 నిమిషాలను ఏకధాటి ఉపన్యాసంగా అర్థం చేసుకోకూడదు. ప్రశ్నలు కూడా ఆ లెక్కలో భాగమే.

ముందు కొంత పెనుగులాడనివ్వడం భావన లోతుగా అర్థం కావడానికి తోడ్పడుతుందని విద్యా పరిశోధకుడు మను కపూర్ అధ్యయనాలు చూపిన మాట నిజమే. అయితే ఆ పద్ధతిలోనూ పెనుగులాట తరువాత ఉపాధ్యాయుడి జాగ్రత్తైన బోధన తప్పనిసరి భాగం.

అపోహ: వివరణ స్పష్టంగా ఉంటే అర్థమైనట్టే.

వాస్తవం: "అర్థమైందా?" అన్న ప్రశ్నకు తరగతి మొత్తం తల ఊపడం ఏ ఆధారమూ కాదు. వినడంలో ఉండే సాఫీతనాన్ని విద్యార్థి నిజాయితీగానే తన అవగాహనగా భావిస్తాడు. చక్కని ఉపన్యాసం విన్న భౌతికశాస్త్ర విద్యార్థులు తామే ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నప్పటికీ, పరీక్షలో మాత్రం తరగతిలో తామే సమస్యలు సాధించిన విద్యార్థులకే ఎక్కువ మార్కులు వచ్చాయని హార్వర్డ్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అందుకే వివరణ మధ్యలోనే ఒక చిన్న మెట్టు ఇచ్చి, అందరి చేతా పలకల మీదో నోటుపుస్తకాల్లోనో రాయించి చూడాలి. ప్రశ్న అడిగాక ఆగడం కూడా బోధనలో భాగమే. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. కనీసం మూడు సెకన్లు ఆగినప్పుడు జవాబుల నిడివి పెరిగింది, మౌనంగా ఉండిపోయేవారు తగ్గారు.

అపోహ: అభ్యాసం ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: తప్పుగా చేసిన అభ్యాసం తప్పునే గట్టిపరుస్తుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి మొదటి పదానికే గుర్తు మార్చి రెండో పదాన్ని అలాగే వదిలేసే విద్యార్థి, ఇంటి పనిగా ఇచ్చిన ఇరవై లెక్కల్లోనూ అదే చేస్తాడు. మరునాడు దిద్దేసరికి అది అతనికి అలవాటుగా మారుతుంది. ఆ అలవాటును మాన్పించడం కొత్త పాఠం చెప్పడం కంటే కష్టం. చెప్పడానికీ చేయనివ్వడానికీ మధ్య చేయించడం అనే దశ ఉండాలనేది ఇందుకే. మొదటి లెక్కను ప్రతి మెట్టుకూ కారణం చెబుతూ బోర్డు మీద చేసి చూపాలి. రెండోదాన్ని సగం చేసి మిగతాది పూర్తి చేయించాలి. మూడోదాన్ని వారు చేస్తుండగా బల్లల మధ్య తిరుగుతూ ఆ గుర్తు దగ్గరే ఆగి చూడాలి. ఈ దశలో సుమారు 80 శాతం జవాబులు సరిగా వస్తే సొంత అభ్యాసానికి వదలవచ్చునని రోసెన్‌షైన్ సూచన. అంతకంటే బాగా తగ్గితే మళ్లీ బోర్డు దగ్గరకు రావడమే సరైన పని, ఆ రోజు పాఠం పూర్తి కాకపోయినా సరే.

అపోహ: ఒకే రకం లెక్కలు వరుసగా చేయిస్తే పద్ధతి స్థిరపడుతుంది.

వాస్తవం: స్థిరపడినట్టు కనిపిస్తుంది, అంతే. పరిశోధకులు రోహ్రర్, టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలను రకాలవారీగా అభ్యసించినవారు అభ్యాస సమయంలో 89 శాతం, కలగలిపి అభ్యసించినవారు 60 శాతం సరిగా చేశారు. వారం తరువాతి పరీక్షలో మొదటివారు 20 శాతానికి పడిపోగా, రెండోవారు 63 శాతం సాధించారు. ఏ లెక్కకు ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడాన్ని కూడా అభ్యసించాలి. కొత్త పద్ధతి నేర్పిన రోజున మొదటి రెండు మూడు లెక్కలు ఒకే రకంవి ఇవ్వడంలో తప్పులేదు. ఆ తరువాత పాత అధ్యాయాల లెక్కలను చేర్చాలి.

అపోహ: సరైన నిష్పత్తి ఒకటి దొరికితే ఏడాదంతా, అందరికీ అదే పాటించవచ్చు.

వాస్తవం: కొత్తవారికి మేలు చేసే వివరమైన ఉదాహరణలు, ఆ అంశం బాగా తెలిసినవారికి భారమై వారి ప్రగతిని తగ్గించగలవని పరిశోధకులు గమనించారు. అధ్యాయం మొదటి రోజున ఉపాధ్యాయుడి వాటా ఎక్కువగా ఉంటుంది, చివరి రోజుకు అది ప్రశ్నలు, దిద్దుబాట్ల వరకే తగ్గుతుంది. ఒకే తరగతిలో ఇరవై మంది సొంతంగా లెక్కలు చేస్తున్న సమయంలో, ఇంకా తడబడుతున్న ఐదుగురిని బోర్డు దగ్గరకు పిలిచి మరో ఉదాహరణ చేసి చూపవచ్చు.