రొటేషన్ వస్తే కార్డు చచ్చిపోతుందా? పోకేమాన్ కార్డుల ఆటలో అపోహలు - వాస్తవాలు

ఈ ఆటలో 60 కార్డుల కట్టను డెక్ అంటారు. స్టాండర్డ్ అనే ప్రధాన పోటీల ఫార్మాట్‌లోంచి ఏటా పాత కార్డులను తీసేయడమే రొటేషన్; కార్డు మూలన ఉండే అక్షరం, అంటే మార్కు, బట్టి ఏవి పోతాయో తేలుతుంది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే కర్నూలు, అనంతపురం, కడప ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "అన్నా, చారిజార్డ్ పోతుందంట, ఉన్నపళంగా అమ్మేద్దునా?" అని ఒకడు. "రెడీమేడ్ డెక్, బెంగళూరులో గెలిచింది, సగం ధరకే" అని ఇంకొకడు. మధ్యలో నలిగేది ఇంటర్ పిల్లలూ, వాళ్ళకు ఫోన్‌పే కొట్టే అమ్మానాన్నలూ. వాళ్ళు కంగారు పడటంలో తప్పేమీ లేదు. ఏమీ చదవకుండా పుకారు ఫార్వర్డ్ చేసేవాళ్ళతోనే వస్తోంది చిక్కంతా.

అపోహ: కార్డు బలం కార్డు మీదే రాసుంటుంది. హెచ్‌పీ (ప్రాణబలం), డ్యామేజీ (దెబ్బ) చూసుకుంటే చాలు.

దుడ్లు ఎక్కువగా తగలేసేది ఇదే. కార్డు బలంలో పెద్ద వాటా దాని చుట్టూ ఏ కార్డులు చెల్లుతున్నాయన్న దానిది. చారిజార్డ్ ఈఎక్స్‌నే తీసుకోండి. 2023 ఆగస్టులో అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌లో వచ్చింది. 330 హెచ్‌పీ. చేతిలోంచి ఎవాల్వ్ చేయగానే (కింది దశ పోకేమాన్ మీద పెట్టగానే) డెక్‌లో వెతికి మూడు ఫైర్ ఎనర్జీల (దాడికి ఇంధనం లాంటి కార్డుల) దాకా ఎక్కించుకోవచ్చు. దెబ్బ 180, ఎదుటివాడు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కు (మన పోకేమాన్‌ను పడగొట్టినందుకు వాడికి దక్కే కార్డుకు) ఇంకో 30. ఆ రాతలో ఇప్పటిదాకా ఒక్క అక్షరం మారలేదు. బలం మాత్రం 2025 ఏప్రిల్ నాటికే రెండుసార్లు మారింది.

మొదటిసారి 2024 ఏప్రిల్ 5న. అంతకుముందు పాత్ టు ద పీక్ అనే స్టేడియం కార్డు (ఇద్దరు ఆటగాళ్ళకూ వర్తించేది) చాలా డెక్కుల్లో ఉండేది. అది బల్ల మీద ఉన్నంతసేపు రూల్ బాక్స్ (ఈఎక్స్, వీ లాంటి బలమైన కార్డుల మీద ఉండే ప్రత్యేక నియమం) ఉన్న ఏ పోకేమాన్‌కూ ఎబిలిటీ (దాడి కాని ప్రత్యేక శక్తి) పనిచేయదు. అంటే చారిజార్డ్ దిగినా ఎనర్జీ రాదు, పక్కనున్న పిడ్జియాట్ ఈఎక్స్ టర్న్‌కో కార్డు వెతికి తేలేదు. దాన్ని తీసేయడానికే లాస్ట్ వాక్యూమ్, ఇంకో స్టేడియం అంటూ డెక్‌లో చోటు ఖర్చుపెట్టాల్సి వచ్చేది. ఆ రోజు 'ఇ' మార్కుతో పాటు పాత్ టు ద పీక్ కూడా పోయింది. అదే రోజు నుంచి టెంపోరల్ ఫోర్సెస్ సెట్ చెల్లడం మొదలై, బడ్డీ బడ్డీ పోఫిన్ అందుబాటుకొచ్చింది. 70 హెచ్‌పీ దాకా ఉన్న బేసిక్‌లు (మొదటి దశ పోకేమాన్‌లు) రెండింటిని అది డెక్‌లోంచి నేరుగా బెంచ్ (వెనక వరుస) మీదకు తెస్తుంది. చారిజార్డ్ మొదటి దశ చార్‌మాండర్, పిడ్జియాట్ మొదటి దశ పిడ్జీ రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. అడ్డం తొలగింది, సాయం దొరికింది. ఏప్రిల్‌కు ముందు "ఇది బరువు డెక్, నడవదు" అని అమ్మేసినవాళ్ళు తర్వాత ఎక్కువ పెట్టి మళ్ళీ కొన్నారు.

రెండోసారి 2025 ఏప్రిల్ 11న, 'ఎఫ్' మార్కు పోయినప్పుడు. రోటమ్ వీ, లూమినియన్ వీ, బిబారెల్, ఫారెస్ట్ సీల్ స్టోన్ అన్నీ ఒకే రోజు వెళ్ళిపోయాయి. చారిజార్డ్, పిడ్జియాట్, మధ్య దశను దాటించే రేర్ క్యాండీ 'జీ' మార్కువి కాబట్టి నిలిచాయి. కొట్టే చేయి అలాగే ఉంది, చేతికి కార్డులు అందించేవాళ్ళు పోయారు. అందుకే మొదటి రెండు టర్న్‌లు నెమ్మదించాయి. డస్క్‌నాయిర్ అనే పోకేమాన్‌ను జత చేసుకున్నవాళ్ళు మాత్రం నిలదొక్కుకున్నారు. అది తనను తాను నాకౌట్ చేసుకుని 13 కౌంటర్లు, అంటే 130 డ్యామేజీ పెడుతుంది. ఎదుటివాడికి ఒక ప్రైజ్ పోతుంది గానీ, ఆ ప్రైజే చారిజార్డ్ దెబ్బకు 30 కలుపుతుంది.

ఇంకా సన్నంగా చూడాలంటే ఆర్వెన్. ఈ సపోర్టర్ (టర్న్‌కు ఒకటే ఆడే కార్డు) డెక్‌లోంచి ఒక ఐటమ్ (టర్న్‌లో ఎన్నైనా ఆడే కార్డు), ఒక టూల్ (పోకేమాన్‌కు తగిలించే కార్డు) తెస్తుంది. ఫారెస్ట్ సీల్ స్టోన్ ఉన్నన్నాళ్ళు ఆ టూల్‌ను ఏదో ఒక వీ పోకేమాన్‌కు తగిలించి, ఆటకోసారి కావలసిన కార్డు ఏదైనా తెచ్చుకునేవాళ్ళు. స్టోన్ పోయాక కూడా ఆర్వెన్ చెల్లింది, కానీ తెచ్చుకోవడానికి అంత విలువైన టూల్ లేకపోయింది. టెక్నికల్ మెషిన్ ఎవల్యూషన్ అనే టూల్ తెచ్చుకునే వీలుండేది. అయితే అది అటాక్ కాబట్టి, మొదట ఆడేవాడికి తొలి టర్న్‌లో పనికిరాదు.

దీనికి పూర్తి ఎదురు లాస్ట్ జోన్ డెక్. కాంఫీ, కోల్‌రెస్ ఎక్స్‌పెరిమెంట్, మిరాజ్ గేట్, క్రామొరాంట్, అన్నీ 'ఎఫ్'. ఒక్క రోజులో బేసిక్ ఎనర్జీలు, పోకేమాన్‌ను వెతికే కొన్ని బాల్‌లు, ఒకటీ అరా సపోర్టర్లు తప్ప ఏమీ మిగల్లేదు. మార్చిలో "సగం ధరకే" అంటూ తిరిగేవి ఎక్కువగా ఇలాంటి డెక్కులే. స్టాండర్డ్ ఆడటానికైతే అవి కొనొద్దు, ఎంత తగ్గించినా సరే.

కాబట్టి అమ్మేముందు, కొనేముందు ఇలా చేయండి. 60 కార్డులూ బల్ల మీద పరిచి అయిదు కుప్పలు పోయండి: కొట్టేవి, వెతికేవి, డ్రా ఇచ్చేవి, ఎనర్జీ ఎక్కించేవి, ఎదుటివాడిని అడ్డుకునేవి. ప్రతి కార్డు ఎడమ కింది మూల చూడండి. చారిజార్డ్ ఈఎక్స్ మీదైతే చిన్న గడిలో జీ, పక్కన ఓబీఎఫ్ (అబ్సిడియన్ ఫ్లేమ్స్), ఈఎన్ (ఇంగ్లిష్), 125/197 అని ఉంటుంది. పోయే అక్షరం ఉన్నవన్నీ పక్కన పెట్టండి. కొట్టే కుప్ప తగ్గితే భయం లేదు, వేరేవి దొరుకుతాయి. వెతికేవి, డ్రా ఇచ్చేవి సగానికి పడిపోతే మాత్రం డెక్ కొత్తగా కట్టాల్సిందే. ఆ తర్వాత ఒక కాగితం మీద, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఏడిపించిన ఎదుటివాళ్ళ కార్డులు రాసి, వాటి మార్కు కూడా చూడండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు, పాత్ టు ద పీక్ విషయంలో జరిగిన నష్టం అంతా ఇక్కడే. చివరగా మిగిలిన డెక్‌తో ఏడేసి కార్డుల ప్రారంభపు చేయి ఓ పదిహేనుసార్లు తీసి, రెండో టర్న్‌కల్లా స్టేజ్ 2 (చారిజార్డ్ లాంటి చివరి దశ పోకేమాన్) దిగుతోందో లేదో లెక్క రాసుకోండి.

అపోహ: బలం రొటేషన్ రోజే మారుతుంది.

చాయిస్ బెల్ట్ చూడండి. వీ పోకేమాన్‌ల మీద మాత్రమే 30 ఎక్కువ కొట్టిస్తుంది. 2023లో ఈఎక్స్‌లు రావడం మొదలుపెట్టాక, తాను ఇంకా రెండేళ్ళు చెల్లుతుండగానే దానికి కొట్టడానికి మనుషులు తగ్గిపోయారు. రూలు మారినా అంతే. అదే 2023లో టూల్‌లను ఐటమ్‌ల నుంచి విడదీశారు. దాంతో ఐటమ్ వెతికే కార్డుతో టూల్ తేలేం, ఐటమ్‌లను అడ్డుకునే కార్డు టూల్‌ను అడ్డుకోలేదు. పాత టూల్ కార్డు మీద ఐటమ్ అని అచ్చయి ఉన్నా ఈ రూలే.

అపోహ: పాత అచ్చు కార్డు చెల్లదు.

మార్కు లేనంత మాత్రాన పారేయకండి. అదే పేరు, అదే పనితో కొత్త మార్కు మీద మళ్ళీ అచ్చయితే పాతది కూడా చెల్లుతుంది. నెస్ట్ బాల్ 2017లో సన్ అండ్ మూన్‌లో వచ్చింది, దాని మీద అక్షరమే లేదు. 2023లో 'జీ' మార్కుతో మళ్ళీ వచ్చింది కాబట్టి, 'జీ' చెల్లినన్నాళ్ళూ ఆ పాతదీ చెల్లుతుంది. బాసెస్ ఆర్డర్స్ కూడా అంతే, మీద బొమ్మ ఎవరిదైనా సరే, అన్నీ కలిపి నాలుగే. అయితే పేరు ఒకటే అయి పని వేరైతే ఈ లెక్క వర్తించదు. పోకేమాన్ కార్డుల్లో ఇది మామూలే: కొత్త అచ్చు పిడ్జీ చెల్లుతోంది కదా అని, పని వేరైన పాత పిడ్జీని పెడితే డెక్ చెక్‌లో దొరికిపోతారు. బస్సెక్కి బెంగళూరు దాకా పోయి, ఒక గేమ్ అక్కడే పోగొట్టుకోవడం ఎందుకు?

మిగతావి త్వరగా. స్టేషనరీ అంగళ్ళలో దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు నకిలీవి, ఏ ఫార్మాట్‌లోనూ చెల్లవు. కంపెనీయే 2021లో సెలబ్రేషన్స్ పెట్టెలో ఇచ్చిన లోహపు చారిజార్డ్, పికాచు కూడా పోటీలకు చెల్లవు. రొటేషన్‌తో ధర పడేది ఆడటానికి కొనే మామూలు కార్డులకు, దాచుకునేవాళ్ళు కొనే ప్రత్యేక బొమ్మల కార్డుల ధర వేరే లెక్క. యూట్యూబ్‌లో జపాన్ డెక్ చూసి కొనకండి సామీ, అక్కడ సెట్లు ముందొస్తాయి, రొటేషన్ కూడా జనవరిలోనే అయిపోతుంది. ఇంగ్లిష్ సెట్ అయితే విడుదలైన రెండు వారాలకు పోటీల్లో చెల్లుతుంది. బేసిక్ ఎనర్జీకి మార్కు గొడవే లేదు.

ఇక స్టాండర్డ్‌లోంచి పోయిన కార్డులు. 2011 బ్లాక్ అండ్ వైట్ నుంచి వచ్చినవన్నీ ఎక్స్‌పాండెడ్‌లో ఆడొచ్చు, నిషేధాల పట్టిక ఒకసారి చూసుకోండి. మన ఊళ్ళలో దానికి నలుగురు దొరకడం కష్టం. జిమ్ లీడర్ చాలెంజ్ సులువు: ఆటగాళ్ళు పెట్టుకున్న ఫార్మాట్, అదే కార్డుల గుంపు, 60 కార్డులు, పోకేమాన్‌లన్నీ ఒకే టైపువి, బేసిక్ ఎనర్జీ తప్ప ఏదైనా ఒక్కటే కాపీ, రూల్ బాక్స్ ఉన్నవి కుదరవు. కలర్‌లెస్ టైపు డెక్ కట్టుకుంటే, ఇంట్లో మూలన పడున్న బిబారెల్ ఒకటి అక్కడ ఇప్పటికీ పనికొస్తుంది.